డ్రోన్: ఒక పేరు చరిత్ర - ఔత్సాహికుల నామసమస్య, ప్రజాదృష్టి

వ్యాససంగ్రహం:

సరదాకోసమో, నేర్చుకోవడంకోసమో చిన్న విమానాలను, నాలుగు ప్రొపెల్లర్ల యంత్రాలను ఎగురవేసే ఔత్సాహికులు తమ యంత్రాన్ని ‘డ్రోన్’ అని పిలవవచ్చునా, కూడదా అన్న చర్చ కొన్నేళ్లుగా సాగుతోంది. ఆ పేరుకు యుద్ధవాసన అంటుకుందని, వేరే పేరు పెట్టుకుంటే జనం అనుమానం తగ్గుతుందని ఒక పక్షం వాదన. ‘డ్రోన్’ పదం పుట్టుకను, దానికి బదులుగా వచ్చిన పేర్లను, భారతదేశ నిబంధనలలో జరిగిన నామపరివర్తనను, తెలుగులో ఈ పదం స్థిరపడిన తీరును కాలక్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రజల భయానికి మూలం యంత్రం పేరులో కన్నా, దానిని ఎగురవేసే మనిషి కనబడకపోవడంలో ఉన్నదని ఈ పరిశీలన తేలుస్తుంది. ‘మానవరహిత’ అనే తెలుగు అనువాదం ఆ మనిషిని మరింత మరుగుపరిచిన తీరును కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: డ్రోన్, మోడల్ విమానం, ఔత్సాహికులు, నామకరణం, పారిభాషికపదం, మానవరహిత విమానం, డ్రోన్ నిబంధనలు, ప్రజాదృష్టి.

1. ఉపోద్ఘాతం:

ఒక సెలవురోజు సాయంత్రం మా కళాశాల మైదానంలో ఇద్దరు విద్యార్థులు తాము సొంతంగా కూర్చుకున్న చిన్న యంత్రాన్ని ఎగురవేస్తున్నారు. ప్రహరీ అవతలి మేడమీద బట్టలు తీసుకుంటున్న ఒకావిడ కిందికి దిగివచ్చి, “ఎవరు నాయనా మీరు? సర్వేవాళ్లా, పోలీసులా?” అని అడిగింది. వాళ్లు కంగారుపడి, “ఇది డ్రోన్ కాదు ఆంటీ, క్వాడ్‌కాప్టర్” అన్నారు. ఆమెకు తృప్తి కలగలేదు. ఆమె అడిగింది యంత్రం పేరు కాదు, మీరెవరని. వాళ్లు తామెవరో చెప్పలేదు. యంత్రం పేరు మార్చి చెప్పారు.

ఆమె ప్రశ్నకూ, వాళ్ల జవాబుకూ మధ్య ఉన్న ఎడమే ఈ వ్యాసానికి ప్రేరణ. పేరు మారిస్తే జనం చూపు మారుతుందన్న నమ్మకం ఆ విద్యార్థులది మాత్రమే కాదు. సైన్యాలు, వ్యాపారసంఘాలు, ప్రభుత్వాలు కూడా ఇదే నమ్మకంతో ఈ యంత్రానికి మళ్లీమళ్లీ పేర్లు పెట్టాయి. ఆ ప్రయత్నాల ఫలితమేమిటో చరిత్రలో చూడవచ్చు.

2. తేనెపట్టు నుంచి ఆకాశానికి - పదం పుట్టుక:

ఆంగ్లంలో ‘డ్రోన్’ అంటే తేనెపట్టులోని మగ ఈగ. మన తేనెటీగల పెంపకందారుల మాటలో ఇది ‘పోతుటీగ’. పట్టులో రాణి ఈగ, కూలి ఈగలు, పోతుటీగలు అని మూడు తరగతులుంటాయి. తేనె తెచ్చేవి, పట్టును కాచేవి కూలి ఈగలు. పోతుటీగకు కొండి ఉండదు, అది తేనె తేదు. రాణితో జతకట్టడమే దాని పని. జతకట్టిన వెంటనే చనిపోతుంది. ఈ స్వభావాన్నిబట్టి ఆంగ్లంలో ఆ పదానికి ‘సోమరి’, ‘ఒకరి కష్టంమీద బతికేవాడు’ అన్న అర్థాలు ఏర్పడ్డాయి. ఎడతెగని ఝుంకారానికి కూడా అదే పేరు. మన కచేరీలో తంబురా అందించే నిరంతరశ్రుతిని పాశ్చాత్యసంగీతశాస్త్రం ‘డ్రోన్’ అనే అంటుంది.

ఈ పదం విమానరంగంలోకి రావడం వెనుక కూడా ఒక రాణి ఈగ ఉంది. పైలట్ లేకుండా ఎగిరే విమానాలకోసం మొదటి ప్రపంచయుద్ధకాలంలోనే ప్రయోగాలు జరిగాయి. బ్రిటన్‌లో 1917లో ‘ఏరియల్ టార్గెట్’, అమెరికాలో 1918లో ‘కెటరింగ్ బగ్’ అటువంటివి. అయితే నిత్యవినియోగానికి వచ్చిన రేడియోనియంత్రిత విమానంగా 1935 నాటి బ్రిటిష్ ‘క్వీన్ బీ’ని చెప్పుకోవాలి. ఇది డి హావిలాండ్ సంస్థ తయారుచేసిన ‘టైగర్ మాత్’ శిక్షణవిమానానికి రూపాంతరం. సంస్థాపకుడు జెఫ్రీ డి హావిలాండ్‌కు కీటకాల పట్ల ఆసక్తి ఎక్కువ. అందువల్ల ఆ సంస్థ విమానాల పేర్లలో కీటకాలు తరచు కనిపిస్తాయి. విమానవిధ్వంసక తుపాకులవారు గురి నేర్చుకోవడానికి ఈ రాణి ఈగను ఎగురవేసేవారు.

ఈ ప్రదర్శనను చూసిన అమెరికన్ నౌకాదళాధికారి అడ్మిరల్ విలియం స్టాండ్లీ తమ దేశంలోనూ అటువంటిది కావాలనుకొన్నాడు. 1936లో ఆ బాధ్యత డెల్మర్ ఫార్నీ అనే అధికారికి అప్పగించారు. రాణి ఈగకు జోడుగా ఆయన తమ విమానానికి ‘డ్రోన్’ అని, అంటే పోతుటీగ అని పేరు పెట్టాడని విమానచరిత్రకారులు చెబుతారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. పేరు పుట్టిననాటికి డ్రోన్ వేటగాడు కాదు, వేట. తూటాలకు ఎదురువెళ్లి కూలిపోవడానికే తయారైన విమానమది. ఈ పేరుకు ఇప్పుడున్న భయం పుట్టుకతో వచ్చినది కాదని దీనినిబట్టి స్పష్టమవుతుంది.

మన దేశంలో రక్షణ పరిశోధనసంస్థ డీఆర్‌డీఓ ఇదే పనికోసం రూపొందించిన పైలట్‌రహిత విమానానికి ‘లక్ష్య’ అని, తరువాతి కాలపు దానికి ‘అభ్యాస్’ అని పేర్లు పెట్టింది. ఒకటి గురి, మరొకటి సాధన. రెండు పేర్లూ యంత్రం ఆకారాన్ని గాని, అందులో మనిషి లేకపోవడాన్ని గాని చెప్పవు. అది ఎందుకున్నదో చెబుతాయి.

3. అభిరుచి దుకాణం నుంచి ఆయుధశాలకు:

డ్రోన్ సైన్యంలో పుట్టి తరువాత ఔత్సాహికుల చేతికి వచ్చిందని, అందువల్ల ఆ పేరు తమది కాదని మోడల్ విమానాల అభిమానులు అంటారు. చరిత్ర ఈ వాదాన్ని పూర్తిగా సమర్థించదు.

రెజినాల్డ్ డెన్నీ ఇంగ్లండులో పుట్టి హాలీవుడ్‌లో పేరు తెచ్చుకొన్న నటుడు. మోడల్ విమానాలంటే ఆయనకు మక్కువ. 1930ల మధ్యలో హాలీవుడ్‌లో మోడల్ విమానాల దుకాణం తెరిచాడు. రేడియోతో నడిచే పెద్ద మోడల్ విమానం సైన్యానికి గురివిమానంగా పనికివస్తుందని భావించి, దానిని సైనికాధికారుల ముందు ప్రదర్శించాడు. ఆయన స్థాపించిన ‘రేడియోప్లేన్’ సంస్థ రెండో ప్రపంచయుద్ధకాలంలో దాదాపు 15,000 గురివిమానాలను తయారుచేసింది. 1945లో ఆ కర్మాగారంలో పనిచేస్తున్న నార్మా జీన్ అనే యువతిని డేవిడ్ కనోవర్ అనే సైనిక ఛాయాగ్రాహకుడు ఫొటోలు తీశాడు. ఆమే తరువాతికాలపు మార్లిన్ మన్రో. ఈ కథ సినిమా అభిమానులకు తెలిసినంతగా విమానాభిమానులకు తెలియదు. కాని అందులోని అసలు విషయం వేరు. అమెరికన్ సైన్యం పెద్దసంఖ్యలో వాడిన మొదటి డ్రోన్లకు మూలం ఒక అభిరుచి దుకాణం.

అదే కాలంలో అభిరుచి తన దారిన తాను కూడా ఎదిగింది. అమెరికాలో మోడల్ విమానాల సంఘం, ‘అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్’, 1936లో ఏర్పడింది. వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే సోదరులు 1937లో రేడియోతో నడిచే మోడల్ విమానాన్ని ఎగురవేశారు. ఈ సంప్రదాయంలో పెరిగినవారికి మోడల్ విమానమంటే ఏళ్ల సాధన. కొయ్య చెక్కాలి, ఇంజన్ బిగించాలి, మైదానంలో పెద్దల దగ్గర నేర్చుకోవాలి, కూలిపోతే మళ్లీ కట్టుకోవాలి. యంత్రం వెనుక మనిషి ఎప్పుడూ కనబడుతూనే ఉండేవాడు. ఆ మైదానం పక్కన నివసించేవారికి ఎగురవేసేవాళ్ల ముఖాలు తెలుసు. ఆ యంత్రాన్ని చూసి ఊరు భయపడకపోవడానికి దాని పేరు కన్నా ఈ పరిచయమే ఎక్కువ కారణం.

4. పేర్లు మార్చిన చరిత్ర:

వియత్నాం యుద్ధకాలంలో అమెరికా ‘లైట్నింగ్ బగ్’ అనే పైలట్‌రహిత విమానాలను 1964-75 మధ్య 3,400కు పైగా గూఢచర్యయాత్రలకు పంపింది. గురివిమానం అప్పటికి నిఘావిమానమైంది. పని మారడంతో ‘డ్రోన్’ అన్న పేరు చాలదనిపించింది. 1970లలో ‘దూరం నుంచి నడిపే వాహనం’ అనే అర్థంలో ఆర్‌పీవీ, ఆ తరువాత ‘పైలట్ లేని గగనవాహనం’ అనే అర్థంలో యూఏవీ వాడుకకు వచ్చాయి. భూమిమీది నియంత్రణకేంద్రాన్ని, సమాచారసంబంధాన్ని కూడా కలుపుకొని ఆ మొత్తాన్ని యూఏఎస్ అన్నారు. అంతర్జాతీయ పౌరవిమానయానసంస్థ ఐసీఏఓ 2011లో వెలువరించిన పత్రంలో ఆర్‌పీఏఎస్ అనే పేరును వివరించింది. ‘దూరంనుంచి పైలట్ నడిపే విమానవ్యవస్థ’ అని దాని భావం.

ఈ మార్పులు కేవలం సాంకేతికమైనవి కావు. 2001 అక్టోబరులో అఫ్గానిస్తాన్‌లో ప్రిడేటర్ విమానం యుద్ధంలో మొదటిసారిగా క్షిపణిని ప్రయోగించింది. 2004 నుంచి పాకిస్తాన్ సరిహద్దుప్రాంతాలలో ఇటువంటి దాడులు సాగాయి. ‘డ్రోన్ దాడి’ అన్న మాట ప్రపంచమంతటా వార్తాభాష అయింది. అప్పుడు అమెరికన్ వైమానికదళం దీనిని డ్రోన్ అనవద్దని, దూరంలో పైలట్ ఉన్నాడని నొక్కిచెప్పింది. ఆ మాట నిజమే. పైలట్ నెవాడా రాష్ట్రంలోని స్థావరంలో కుర్చీలో కూర్చొని ఉన్నాడు. కాని దాడి జరిగిన ఊరివాళ్లకు ఆ కుర్చీ కనబడదు. పైన ఝుంకారం మాత్రమే వినబడుతుంది. వాళ్ల అనుభవానికి సరిపోయిన పేరు వార్తలలో నిలిచింది. అధికారులు పెట్టిన పేరు పత్రాలలో మిగిలింది.

వ్యాపారసంస్థలూ ఈ ప్రయత్నం చేశాయి. ఈ రంగానికి చెందిన అంతర్జాతీయసంఘం ఏయూవీఎస్ఐ 2013లో వాషింగ్టన్‌లో జరిపిన సదస్సులో పాత్రికేయులకిచ్చిన వైఫై పాస్‌వర్డు ‘డోంట్ సే డ్రోన్స్’, అంటే ‘డ్రోన్లు అనకండి’. పాస్‌వర్డునే పాత్రికేయులు వార్తగా రాశారు. మూడేళ్లు తిరిగేసరికి, 2016లో, అమెరికన్ విమానయాననియంత్రణసంస్థ ఎఫ్ఏఏ తాను ఏర్పరచిన సలహాసంఘానికి ‘డ్రోన్’ పేరుతోనే నామకరణం చేసింది. పేరును నిషేధించాలని చూసినవారు దానితోనే రాజీపడవలసివచ్చింది.

5. ఔత్సాహికుల నామసంకటం:

2007 తరువాత ఈ రంగంలో పెద్దమార్పు వచ్చింది. స్మార్ట్‌ఫోన్లకోసం చవకగా తయారైన చిన్న సెన్సర్లు, తేలికైన లిథియం బ్యాటరీలు, బ్రష్‌లెస్ మోటార్లు కలిసి నాలుగు ప్రొపెల్లర్ల యంత్రాన్ని సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చాయి. 2010లో ఫ్రాన్స్‌కు చెందిన పారట్ సంస్థ తన ఆటవస్తువుకు ‘ఏఆర్ డ్రోన్’ అని పేరు పెట్టింది. ‘డ్రోన్’ పేరును ఔత్సాహికులమీద పత్రికలు రుద్దాయన్న ఆరోపణలో కొంతే నిజమున్నదని దీనితో తెలుస్తుంది. తయారీదారులే ఆ పేరుతో అమ్మారు, ఔత్సాహికులే కొన్నారు. 2013లో చైనాకు చెందిన డీజేఐ సంస్థ ‘ఫాంటమ్’ను తెచ్చింది. ఫాంటమ్ అంటే భూతం, కనబడీ కనబడని ఆకారం. జనానికి దగ్గరకావాలనుకొన్న యంత్రానికి అంతకంటే ప్రతికూలమైన పేరు దొరకడం కష్టం. అయినా అది విరివిగా అమ్ముడుపోయింది.

కొత్త యంత్రానికి సాధన అక్కరలేదు. పెట్టె విప్పి, బ్యాటరీ పెట్టి, పైకి లేపవచ్చు. ఉపగ్రహసంకేతాల ఆధారంగా అది తనంతట తానే గాలిలో నిలుస్తుంది. మైదానం అవసరం లేదు, సంఘం అవసరం లేదు, గురువు అవసరం లేదు. పాతతరం మోడల్ విమానాభిమానులు ‘మేము వేరు, డ్రోన్లవాళ్లు వేరు’ అనడానికి కారణమిదే. కొత్తతరంలో కొందరు ‘క్వాడ్‌కాప్టర్’, ‘మల్టీరోటర్’ అన్న పేర్లను ఎంచుకొన్నారు. మరికొందరు ‘డ్రోన్’ అనే పేరును వదలక, మంచి పనులతో దానికి మంచి అర్థం తేవాలన్నారు.

చట్టం ఈ చర్చను మరోవిధంగా చూసింది. 2012 నాటి అమెరికన్ చట్టం ‘మోడల్ విమానం’ అంటే ఏమిటో నిర్వచించినప్పుడు రెక్కల సంఖ్యను, ఇంజన్ రకాన్ని పట్టించుకోలేదు. ఎగురవేసేవాడి కంటిచూపు మేరలో ఉండాలి, అభిరుచికోసమో వినోదంకోసమో ఎగరాలి అన్నది. అంటే ఏది మోడల్ విమానం, ఏది కాదు అన్నది ఎగురవేసే మనిషి ఉద్దేశాన్నిబట్టి, అతని చూపునుబట్టి తేలుతుంది.

6. ప్రజాదృష్టి - రెండు సంఘటనలు:

2018 డిసెంబరులో లండన్ సమీపంలోని గాట్విక్ విమానాశ్రయం దగ్గర డ్రోన్లు కనబడ్డాయన్న సమాచారంతో మూడురోజులపాటు రాకపోకలు స్తంభించాయి. దాదాపు 1,000 విమానాలు, 1,40,000 మంది ప్రయాణికులు చిక్కుల్లో పడ్డారు. పోలీసులు ఆ ప్రాంతంలోనే నివసించే దంపతులను అరెస్టు చేశారు. భర్తకు మోడల్ విమానాల అభిరుచి ఉంది. వారి ఫొటోలు పత్రికల మొదటి పుటల్లో వచ్చాయి. ఆ సమయంలో ఆయన పనిలో ఉన్నాడని ఆయన యజమాని చెప్పాడు. ఏ అభియోగమూ లేకుండా ఇద్దరినీ విడిచిపెట్టారు. 2020లో పోలీసులు వారికి నష్టపరిహారం, న్యాయవాదఖర్చులు కలిపి 2 లక్షల పౌండ్లు చెల్లించడానికి అంగీకరించారు. డ్రోన్ ఎగురవేసినవారెవరో తేలకుండానే దర్యాప్తు ముగిసింది.

2024 చివర అమెరికాలోని న్యూజెర్సీలో రాత్రిపూట ఆకాశంలో డ్రోన్లు తిరుగుతున్నాయని అలజడి చెలరేగింది. ఫెడరల్ దర్యాప్తుసంస్థకు 5,000కు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. వాటిలో తదుపరి పరిశీలనకు నిలిచినవి సుమారు 100. జనం చూసినవాటిలో చట్టబద్ధంగా ఎగిరే వ్యాపార, ఔత్సాహిక, పోలీసు డ్రోన్లతోపాటు మామూలు విమానాలు, హెలికాప్టర్లు, నక్షత్రాలు కూడా ఉన్నాయని ప్రభుత్వసంస్థలు సంయుక్తప్రకటనలో చెప్పాయి.

ఈ రెండింటినీ కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. ‘డ్రోన్’ అన్నది ఇప్పుడు ఒక యంత్రానికి మాత్రమే పేరు కాదు. ‘పైన ఏదో ఉంది, ఎవరిదో తెలియదు’ అన్న స్థితికి పేరు. ఆ స్థితిలో నక్షత్రం కూడా డ్రోన్ అవుతుంది. ఎగురవేసిన చేయి దొరకనప్పుడు, ఆ అభిరుచి ఉన్న మనిషి దొరికితే చాలనిపిస్తుంది. గాట్విక్ దంపతులకు జరిగింది అదే. వారు తమ యంత్రాన్ని ‘డ్రోన్’ కాక మరేమని పిలుచుకొని ఉన్నా ఆ తెల్లవారి పత్రికలు మరోవిధంగా రాసి ఉండేవి కావు.

7. భారతీయ నిబంధనలు - మూడేళ్లలో మూడు పేర్లు:

మన దేశంలో పౌరవిమానయాన డైరెక్టరేట్ 2014 అక్టోబరు 7న ఒక ప్రకటనతో ఈ యంత్రాల పౌరవినియోగాన్ని ఆపివేసింది. నిబంధనలు వచ్చేవరకు ఎవరూ ఎగురవేయకూడదన్నది. 2018 ఆగస్టులో వెలువడి డిసెంబరు 1 నుంచి అమలైన నిబంధనలు దీనిని ఆర్‌పీఏఎస్ అన్నాయి. 2021 మార్చి 12 నాటి నియమావళి శీర్షిక యూఏఎస్ అయింది. అయిదునెలలు గడిచాయో లేదో, ఆగస్టు 25న దానిని రద్దుచేస్తూ కొత్త నియమావళి వచ్చింది. దాని పేరు ‘డ్రోన్ నిబంధనలు, 2021’. పండితపదాలు రెండు మారిన తరువాత ప్రభుత్వం జనం మాటనే శీర్షికకు ఎక్కించింది.

ఈ క్రమంలో ఆసక్తికరమైన అంశం ఆ సంవత్సరపు సందర్భం. 2021 జూన్ 27న జమ్మూ వైమానికస్థావరంమీద డ్రోన్లతో పేలుడుపదార్థాలు వేశారు. భయానికి బలమైన కారణం ఏర్పడిన రెండు నెలలకే ‘డ్రోన్’ పేరుతో సరళమైన నియమావళి వచ్చింది. పేరులోని భయం విధానాన్ని ఆపలేకపోయింది.

ఔత్సాహికులకు ఈ నియమావళిలో ప్రత్యేకస్థానముంది. 25 కిలోలకు మించని బరువుతో, విద్య, పరిశోధన, రూపకల్పన, పరీక్ష, వినోదం కోసమే, కంటిచూపు మేరలో ఎగిరేదాన్ని ‘మోడల్’ తరగతిగా గుర్తించి, దానికి టైప్ సర్టిఫికెట్ అవసరం లేకుండా చేశారు. ఇక్కడ కూడా నిర్వచనానికి ఆధారాలు రెండే: ఉద్దేశం, చూపు. పేరు విషయంలో తర్జనభర్జన పడిన చట్టం, ఈ రెండు విషయాలలో తడబడలేదు.

8. తెలుగులో ఈ పదం:

తెలుగువారికి ‘విమానం’ కొత్తమాట కాదు. దేవాలయంలో గర్భగృహంమీది శిఖరనిర్మాణం విమానం. తిరుమలలోని ఆనందనిలయవిమానం అందరికీ తెలిసినదే. రామాయణంలోని పుష్పకం కూడా విమానమే. రాముడు ఆజ్ఞాపించగా అది తనంతట తాను కుబేరుని దగ్గరికి తిరిగివెళ్లిందని కథ. ప్రాచీనకాలంలో యంత్రాలుండేవని చెప్పడానికి దీనిని ఉదాహరించడం లేదు. ‘విమానం’ అన్న మాటలో, లోపల ఒక నడిపేవాడు ఉండితీరాలన్న నియమం లేదని చెప్పడమే ఉద్దేశం. ఆజ్ఞ ఎవరిదో మాత్రం కథలో స్పష్టంగా ఉంది.

ఆధునికవిమానానికి ఈ పదమే స్థిరపడింది. పైలట్ లేని విమానాన్ని చెప్పవలసివచ్చినప్పుడు పత్రికలు, పాఠ్యపుస్తకాలు ‘మానవరహిత విమానం’ అన్నాయి. ఈ అనువాదంలో ఒక దోషం దొర్లింది. ఆంగ్లమూలపదంలో ‘మ్యాన్’ అన్నది నామవాచకం కాదు. ‘నడపడానికి సిబ్బందిని నియమించు’ అన్న అర్థంగల క్రియ. ఆ వాహనంలో సిబ్బంది లేరని మాత్రమే దాని భావం. తెలుగులో అది ‘మానవుడు లేనిది’ అయింది. ఆంగ్లంలో లేనిది వాహనంలోని సిబ్బంది. తెలుగులో ఏకంగా మనిషే లేకుండా పోయాడు. ఇటీవల ఆంగ్లంలో ఆ పదం పురుషవాచకంగా వినిపిస్తున్నదని దాని స్థానంలో ‘సిబ్బంది లేనిది’ అన్న మాటను కొన్ని సంస్థలు వాడుతున్నాయి. తెలుగులో ‘మానవ’ శబ్దానికి ఆ లింగసమస్య లేదు. అంతకంటే పెద్ద సమస్య ఉంది: అది వాస్తవవిరుద్ధం. మానవుడు లేని డ్రోన్ లేదు. అతడు నేలమీద ఉన్నాడు.

వ్యవహారంలో జనం ‘మానవరహిత విమానం’ను స్వీకరించలేదు. ‘పోతుటీగ’ అని అనువదించాలని కూడా ఎవరికీ తోచలేదు. ‘డ్రోన్’ను అలాగే తీసుకొని తెలుగు సమాసపద్ధతిలో కలుపుకొన్నారు. పెళ్లిలో ‘డ్రోన్ కెమెరా’, సినిమాలో ‘డ్రోన్ షాట్’, రెవెన్యూలో ‘డ్రోన్ సర్వే’, బందోబస్తులో ‘డ్రోన్ నిఘా’. పొలంలో ‘డ్రోన్‌తో మందు కొట్టించాం’ అంటారు. మొదటినుంచీ వినియోగమే పేరును నడిపించింది.

అయితే వార్తాభాషలో మరొక ప్రయోగముంది: ‘డ్రోన్ కలకలం’, ‘డ్రోన్ చక్కర్లు’. ఇక్కడ వ్యాకరణం గమనించదగినది. తెలుగులో ‘ఎగురు’ అకర్మకక్రియ, ‘ఎగురవేయు’ సకర్మకక్రియ. గాలిపటం విషయంలో మనం రెండోదే ఎక్కువగా వాడతాం. సంక్రాంతికి పిల్లలు గాలిపటాలు ఎగరేశారు అంటాం. దారం ఎవరి చేతిలో ఉన్నదో వాక్యమే చెబుతుంది. డ్రోన్ వార్తలో కర్త మాయమవుతాడు. డ్రోన్ ఎగిరింది, డ్రోన్ చక్కర్లు కొట్టింది, డ్రోన్ కలకలం రేపింది. వాక్యంలో కర్తృస్థానం యంత్రానిదైపోతుంది. పేరులో ‘మానవరహితం’, వాక్యంలో కర్తృరహితం.

పంపినవాడి పేరులేని ఉత్తరాన్ని తెలుగువారు ‘ఆకాశరామన్న ఉత్తరం’ అంటారు. ఆ ఉత్తరం అందుకున్నవాడిని బాధించేది అందులోని విషయం మాత్రమే కాదు. రాసినవాడు తన చుట్టూనే ఉండి తెలియకపోవడం. మేడమీది మహిళ భయం సరిగ్గా ఇదే. 2023 జనవరిలో తిరుమల ఆలయాన్ని పైనుంచి చిత్రించిన దృశ్యాలు ప్రచారమైనప్పుడు భక్తులలో రేగిన మొదటి ప్రశ్న కూడా ‘ఎవరు తీశారు? ఎవరు అనుమతించారు?’ అన్నదే. యంత్రం పేరుమీద ఎవరికీ ఆసక్తి లేదు.

9. మనిషి కనబడిన పేరు:

దీనికి భిన్నమైన ఉదాహరణలు మన ప్రాంతంలోనే ఉన్నాయి. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో ‘మెడిసిన్ ఫ్రమ్ ది స్కై’ పేరుతో డ్రోన్ల ద్వారా మందులు చేరవేసే ప్రయోగం మొదలైంది. 2024 సెప్టెంబరు వరదలలో విజయవాడలో నీటిమధ్య చిక్కుకున్నవారికి డ్రోన్లతో ఆహారం అందించారు. మరుసటినెలలో అదే నగరంలో కృష్ణ ఒడ్డున 5,500 డ్రోన్ల ప్రదర్శన చూడడానికి జనం తరలివచ్చారు. ఏ సందర్భంలోనూ పేరు మార్చలేదు. ఎవరు పంపారో, ఎందుకు పంపారో ముందే తెలుసు, అంతే తేడా.

వీటన్నిటికంటే భాషాపరంగా విలువైనది ‘డ్రోన్ దీదీ’. 2023 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించిన ఈ పథకం 15,000 మహిళాసంఘాలకు వ్యవసాయడ్రోన్లు అందించడానికి ఉద్దేశించినది. కేంద్రమంత్రివర్గం దీనికి 1,261 కోట్ల రూపాయలు కేటాయించింది. పథకం ఫలితాల చర్చ ఇక్కడ అప్రస్తుతం. పేరును మాత్రం గమనించాలి. తొంభయ్యేళ్ల నామచరిత్రలో గురి, పురుగు, వాహనం, వ్యవస్థ వచ్చాయి. పైలట్ ప్రస్తావన వచ్చిన పేర్లలో కూడా అతడు దూరంలోనే ఉన్నాడు. ఇక్కడ నడిపే మనిషి బంధుత్వవాచకంతో పేరులోకి వచ్చింది. దీదీ హిందీమాట, మన డ్వాక్రా సంఘాల నుడికారంలో అక్క. పొలంమీద యంత్రం ఎగురుతున్నప్పుడు ఊరు చూసేది యంత్రాన్ని కాదు, గట్టుమీద నిలబడిన ఫలానా అక్కను. యుద్ధవాసన అంటుకున్న పదమే అక్క పక్కన చేరేసరికి ఇంటిమాట అయింది.

దీనికి ఒక ఆక్షేపణ ఉండవచ్చు. మనిషి కనబడినంతమాత్రాన గోప్యతకు భంగం కలగదా అని. కలుగుతుంది. పక్కింటి పెరటిలోకి తొంగిచూసే కెమెరా ఎవరి చేతిలో ఉన్నా తప్పే. అయితే కనబడే మనిషిని నిలదీయవచ్చు, ఆపమనవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు. కనబడనివాడి విషయంలో మిగిలేది అనుమానమొక్కటే. ఆ అనుమానం చివరికి నిరపరాధి గుమ్మంలోకి కూడా వెళ్లగలదని గాట్విక్ ఉదంతం చూపింది.

10. ముగింపు:

• ‘డ్రోన్’ అన్న పేరు పుట్టుకలో ఆయుధం లేదు, గురివిమానముంది. దాని తొలిచరిత్రలో అభిరుచికీ వాటా ఉంది. కనుక ఔత్సాహికులు ఈ పేరును పరాయిదిగా భావించనక్కరలేదు.

• సైన్యం, వ్యాపారసంఘాలు, ప్రభుత్వాలు ప్రత్యామ్నాయనామాలను ప్రవేశపెట్టినా జనవ్యవహారం మారలేదు. చివరికి 2021లో భారతప్రభుత్వం కూడా జనం మాటనే నియమావళి శీర్షికగా స్వీకరించింది.

• తెలుగు పాఠ్యపుస్తకాలలో, పారిభాషికపదకోశాలలో ‘మానవరహిత విమానం’ అన్న అనువాదాన్ని పునఃపరిశీలించడం అవసరం. సాంకేతికసందర్భంలో ‘పైలట్‌రహిత’, ‘దూరనియంత్రిత’ అన్నవి వాస్తవానికి దగ్గరగా ఉంటాయి. సామాన్యసందర్భంలో ‘డ్రోన్’ చాలు.

• ఔత్సాహికులు ‘డ్రోన్’ ముందు వినియోగాన్ని చేర్చి చెప్పడం తెలుగు సమాసపద్ధతికి అనుకూలం. ‘మోడల్ డ్రోన్’, ‘సాధన డ్రోన్’ వంటివి అర్థవంతమైన పేర్లు. ‘ఇది డ్రోన్ కాదు’ అన్న జవాబు అనుమానాన్ని తగ్గించదు, పెంచుతుంది.

• వార్తారచనలో ‘డ్రోన్ ఎగిరింది’ బదులు, తెలిసినప్పుడు ‘ఫలానావారు ఎగురవేశారు’ అని, తెలియనప్పుడు ‘ఎవరు ఎగురవేశారో తేలలేదు’ అని కర్తను వాక్యంలో నిలపడం బాధ్యతాయుతమైన ప్రయోగం.

ఆ సాయంత్రం మా విద్యార్థులు చెప్పవలసిన జవాబు చిన్నదే. “మేం ఈ కాలేజీ పిల్లలమే ఆంటీ, మేమే తయారుచేశాం, మీ మేడవైపు రానివ్వం.” ఆ మాటలో యంత్రం పేరే లేదు. ఆమె తెలుసుకోవాలనుకొన్నదంతా ఉంది.